స్టువర్ట్ హాల్ అంటే మూడు గడుల పట్టిక కాదు

మీ ప్రశ్న ఇది: జర్నలిజం పీజీ సిలబస్‌లో మీడియా సిద్ధాంతకర్త స్టువర్ట్ హాల్ ఉన్నాడు, నోట్సులో "మూడు రకాల ప్రేక్షకులు" (వార్త కోరినట్టే చదివేవాళ్లు, కొంత ఒప్పుకుని కొంత సవరించుకునేవాళ్లు, వ్యతిరేకంగా చదివేవాళ్లు) అని ఒక పట్టిక ఇచ్చారు, పరీక్షకు అది సరిపోతుంది గానీ ప్రాజెక్టుకు ఎలా వాడాలో తెలియడం లేదు. ఆయన ఎవరు, ఏం చదవాలి, ఏ వరుసలో చదవాలి?

పట్టిక తప్పేం కాదు. కాకపోతే హాల్ 1973లో రాసిన ఒక వ్యాసంలోని చివరి పేజీల సారం మాత్రమే అది. దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని చేసే ప్రాజెక్టులు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. వంద మందికి ప్రశ్నావళి పంచుతారు. "ఈ వార్తతో మీరు ఏకీభవిస్తారా?" అని అడుగుతారు. అవునన్నవాళ్లు ఒక గడిలో, కాదన్నవాళ్లు ఇంకో గడిలో, అటూ ఇటూ ఊగినవాళ్లు మూడో గడిలో పడతారు. కింద ఒక పై చార్టు. ఇందులో హాల్ ఎక్కడా లేడు. ఆయన ప్రశ్న వేరు: కొందరికి పనికొచ్చే అర్థం అందరికీ లోకజ్ఞానంలా, ఎవరూ నిరూపించనక్కర్లేని మామూలు మాటలా ఎలా చెలామణీ అవుతుంది? ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే జీవితం కొంచెం చూడాలి.

హాల్ 1932 ఫిబ్రవరి 3న జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టాడు. అప్పటికి అది బ్రిటిష్ వలస. మధ్యతరగతి కుటుంబం, తండ్రి యునైటెడ్ ఫ్రూట్ కంపెనీలో అకౌంటెంటు. ఆ సమాజంలో ఒంటి రంగులో ఒక్కో ఛాయకూ ఒక్కో అంతస్తు. ఇంట్లో అందరికన్నా నల్లగా పుట్టింది హాలే. వాళ్లక్క తనకన్నా నల్లగా ఉన్న, మెడిసిన్ చదివే ఒక కుర్రాణ్ని ఇష్టపడితే తల్లిదండ్రులు అడ్డుపడ్డారు. ఆమె మానసికంగా కుప్పకూలిపోయింది. వలసపాలన అంటే ఊరి చివర ఎగిరే జెండా మాత్రమే కాదని, ఇంట్లోకీ మనసులోకీ వచ్చి కూర్చుంటుందని తనకు అక్కడే తెలిసిందని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. పెళ్లి సంబంధాల ప్రకటనల్లో "చామనఛాయ" అన్న మాట ఎందుకు వేస్తారో తెలిసిన మనకు ఇది వేరే విడమరచి చెప్పక్కర్లేదు.

1951లో రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కాలేజీకి వెళ్లాడు. హెన్రీ జేమ్స్ నవలల మీద పీహెచ్‌డీ మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు. 1956లో ఒకే సమయంలో రెండు దెబ్బలు తగిలాయి: బ్రిటన్ ఈజిప్టులోని సూయజ్ కాలువ మీద దండెత్తింది, సోవియట్ ట్యాంకులు హంగరీలోకి దిగాయి. ఇటు సామ్రాజ్యాన్నీ అటు స్టాలిన్ మార్గాన్నీ రెండింటినీ కాదన్న కుర్రకారు "న్యూ లెఫ్ట్" అయ్యారు. 1957లో వచ్చిన 'యూనివర్సిటీస్ అండ్ లెఫ్ట్ రివ్యూ' వ్యవస్థాపక సంపాదకుల్లో హాల్ ఒకడు. అది ఇంకో పత్రికతో కలిసి 1960లో 'న్యూ లెఫ్ట్ రివ్యూ' అయింది, దానికి తొలి సంపాదకుడు ఆయనే. ఆ రోజుల్లోనే దక్షిణ లండన్‌లో ఒక మామూలు బడిలో పాఠాలు చెప్పాడు. పిల్లల ధ్యాసంతా సినిమాల మీద, పాటల మీద ఉండేది. వాటిని తిట్టడం ఎందుకు, వాటినే పాఠం చేస్తే పోలేదా అన్న ఆలోచనతో పాడీ వానెల్‌తో కలిసి 1964లో 'ది పాపులర్ ఆర్ట్స్' పుస్తకం రాశాడు. సినిమా అంతా చెత్త, సాహిత్యమంతా బంగారం అన్న వాదన అందులో లేదు. జనరంజకమైన వాటిలోనే మంచిదేది, నాసిరకమేది అని వేరుచేయడం ఉంది. ఆ జల్లెడ పట్టే పని కూడా పనికిరాదని హాల్ తర్వాత తెలుసుకున్నాడు. అందుకే ఆ పుస్తకంతో మొదలుపెట్టొద్దంటాను.

అదే 1964లో రిచర్డ్ హోగార్ట్ బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో సమకాలీన సంస్కృతి అధ్యయన కేంద్రం పెట్టి హాల్‌ను పిలిచాడు. డబ్బు పెంగ్విన్ ప్రచురణ సంస్థ ఇచ్చింది. 1968లో హాల్ తాత్కాలిక డైరెక్టరు అయ్యాడు, 1979లో వెళ్లిపోయేదాకా కేంద్రాన్ని నడిపాడు. అక్కడి పద్ధతి చూడండి: విద్యార్థులూ ఉపాధ్యాయులూ గుంపులుగా చదవడం, గుంపుగా రాయడం, రాసిందాన్ని మనం సైక్లోస్టైల్ అనే తరహాలో నకళ్లు తీసి పంచుకోవడం. మీ సిలబస్‌లో ఉన్న వ్యాసం ఆ కాగితాల్లో 7వ నంబరు. బతికుండగా హాల్ ఒంటరిగా రాసిన పెద్ద సిద్ధాంత గ్రంథం ఒక్కటీ లేదు, అన్నీ వ్యాసాలు, సంకలనాలు, ఉమ్మడి పుస్తకాలు. "హాల్ పుస్తకం ఏది?" అని లైబ్రరీలో వెతికి నిరాశపడేవాళ్లకు కారణం ఇదే.

ఇక ఆ వ్యాసం. 'ఎన్‌కోడింగ్ అండ్ డీకోడింగ్ ఇన్ ది టెలివిజన్ డిస్కోర్స్', 1973లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో జరిగిన ఒక సమావేశానికి రాసింది. ఎన్‌కోడింగ్ అంటే తయారుచేసేవాళ్లు కార్యక్రమంలో అర్థాన్ని కట్టడం, డీకోడింగ్ అంటే చూసేవాళ్లు దాన్ని విప్పుకోవడం. లెస్టర్ ఎందుకు ముఖ్యమంటే, మాస్ కమ్యూనికేషన్ పరిశోధనకు అది పేరున్న చోటు. పంపేవాడు, సందేశం, అందుకునేవాడు అనే గొట్టం నమూనా, సందేశంలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే పద్ధతి అప్పుడు చెల్లుబాటులో ఉన్నాయి. వాళ్ల ఇంట్లోకే వెళ్లి వాళ్లతో గొడవపడటానికి రాసిన వ్యాసం ఇది. సర్వేకు తయారుచేసిన కొలబద్ద కాదని హాలే ఆ తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నాడు.

వ్యాసంలో ఆయన గీసిన బొమ్మ ఒక్కటే. మధ్యలో కార్యక్రమం. ఎడమవైపు దాన్ని తయారుచేసేవాళ్లు, కుడివైపు చూసేవాళ్లు. రెండు వైపులా కింద అవే మూడు ఆధారాలు: వాళ్లకున్న జ్ఞానపు చట్రాలు, ఉత్పత్తి సంబంధాలు, సాంకేతిక వసతి. ఎడమవైపు "అర్థ నిర్మాణాలు 1", కుడివైపు "అర్థ నిర్మాణాలు 2" అని ఉంటుంది. ఆ 1, 2 అంకెలే ప్రాణం. రెండూ ఒకటి కానక్కర్లేదు, సాధారణంగా కావు కూడా. నోట్సు పట్టికలో ఈ అంకెలే మాయమైపోతాయి.

ఒక చిన్న వాక్యంలో పెద్ద విషయం పెట్టాడు: సినిమాలో కుక్క మొరగగలదు గానీ కరవలేదు. తెర మీద కనిపించేది కుక్క కాదు, కుక్క గుర్తు. "కుక్క" అన్న అక్షరాలకూ ఆ జంతువుకూ పోలిక లేదని ఎవరైనా ఒప్పుకుంటారు. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "కళ్లారా చూశాం కదా" అంటాం. టీవీ అర్థాలు సహజంగా కనిపించడానికి కారణం అదే. జరిగిన ఘటన జరిగినట్టుగా టీవీలోకి రాలేదు. ముందు అది కథ అవ్వాలి, ఆ కథకు నియమాలుంటాయి.

ఇప్పుడు మీ ప్రాజెక్టు. తెలంగాణ ఆర్టీసీ కార్మికుల సమ్మె 2019 అక్టోబర్ 5న, సరిగ్గా దసరా ముందు మొదలై 52 రోజులు సాగింది. ఆర్టీసీని ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది ప్రధాన డిమాండు. అలాంటి సమ్మె మీద 90 సెకన్ల టీవీ కథనం ఒకటి తీసుకోండి. హాల్ కూడా తన వ్యాసంలో కార్మికుల ఉదాహరణే ఇచ్చాడు కాబట్టి పోల్చుకోవడం తేలిక.

మొదట కథనాన్ని కాగితం మీదికి దించండి. ఒక్కో షాటుకు ఒక్కో వరుస. నిలువు గడులు ఐదు: ఎన్నో సెకను, తెర మీద ఏముంది, వాయిస్ ఓవర్, కింద స్క్రోల్, ఎవరి బైట్ (కెమెరా ముందు మాట్లాడిందెవరు). సగటున షాటు మూడు సెకన్లు ఉంటుందనుకుంటే ముప్పై వరుసలు వస్తాయి. ఇది విసుగు పని, అందుకే చాలామంది ఎగ్గొడతారు, ఎగ్గొట్టిన చోటే ప్రాజెక్టు కూలిపోతుంది. వరుసలు రాసుకుంటే గానీ మొదటి షాటు బస్టాండులో మూటాముల్లెలతో నిలబడ్డ కుటుంబమని, డ్రైవరు 70వ సెకనుకు గానీ నోరు తెరవలేదని మీకు కనిపించదు.

తర్వాత మాటలు పట్టుకోండి. "ప్రయాణికుల ఇక్కట్లు", "స్తంభించిన రవాణా", "చర్చలు విఫలం". మన వార్తల్లో ఇవి ఎంత అరిగిపోయాయంటే ఎవరూ ఆగి చూడరు. "ఇక్కట్లు" ఎప్పుడూ ప్రయాణికులవే. జీతం రాని ఇంటివి ఇక్కట్లు కావు, మహా అయితే "డిమాండ్లు". "చర్చలు విఫలం" అన్న రెండు మాటల్లో కర్త లేడు, ఎవరు పిలవలేదో, ఎవరు రాలేదో, ఎవరు లేచి వెళ్లారో తెలియదు. తెలుగు హెడ్డింగు క్రియను మింగేయడం డెస్కులో స్థలం కోసం వచ్చిన అలవాటు. హాల్ దృష్టిలో ఇలాంటి అలవాటే గమనించాల్సింది, ఎందుకంటే ఎవరి కుట్రా లేకుండానే అది పని చేస్తుంది.

ఇక్కడ ఒక పరీక్ష చేయండి. వాయిస్ ఓవర్ అలాగే ఉంచి, మొదటి షాటు స్థానంలో డ్రైవరు పే స్లిప్ క్లోజప్ ఉన్నట్టు ఊహించుకుని మళ్లీ చదవండి. అర్థం ఎక్కడ తిరగబడిందో అక్కడ కోడ్, అంటే అర్థాన్ని కట్టే నియమం, ఉంది. ఏమీ మారకపోతే ఆ షాటు మీద పేజీలు రాయొద్దు.

ఇవి చేశాక "ఈ కథనం కోరుకునే అర్థం" అని ఒకే వాక్యం రాయండి, వాక్యానికి వరుసల నంబర్లు ఆధారంగా చూపండి. ఇదే పని మీ స్నేహితుడొకరు మీ వాక్యం చూడకుండా విడిగా చేయాలి. రెండూ బొత్తిగా కలవకపోతే మీరు రాసింది కథనం కోరుకునే అర్థం కాదు, మీరు కోరుకునే అర్థం. హాల్ నమూనా మీద వచ్చిన గట్టి విమర్శ కూడా ఇదే: ఆ "కోరుకునే అర్థం" కార్యక్రమంలో ఉందా, పరిశోధకుడి బుర్రలో ఉందా? వైవాలో తప్పక అడుగుతారు, సిద్ధంగా ఉండండి.

పట్టికలోని మూడు గడులూ మూడు కోడ్‌లనుకుంటే, నోట్సుల్లో సాధారణంగా కనపడని నాలుగో కోడ్ ఒకటుంది, వృత్తి కోడ్. విజువల్స్ బాగున్నాయా, బులెటిన్ టైముకు అందిందా, రెండువైపులా బైట్ ఉందా అని ఆలోచించే రిపోర్టరు తాను ఎవరి పక్షమూ వహించలేదని నిజాయితీగా నమ్ముతాడు. ఆ నమ్మకం అబద్ధం కాదు. కానీ ఆ తటస్థమైన పనిముట్లతోనే ఆధిపత్య అర్థం తయారవుతుందని హాల్ వాదన. కాబట్టి రిపోర్టరును, డెస్కులో ఒకరిని కలిసి "ఈ షాటు ముందెందుకు పెట్టారు?" అని అడగండి. "మీరు పక్షపాతంతో చేశారా?" అని అడిగితే ఇంటర్వ్యూ అక్కడితో సరి.

చూసేవాళ్ల దగ్గరికి వచ్చినప్పుడు ప్రశ్నావళి వద్దు. నలుగురు నుంచి ఆరుగురు ఉండే గుంపులు, ముందే ఒకరికొకరు తెలిసినవాళ్లు: డిపో డ్రైవర్లు, బస్ పాసు మీద కాలేజీకి వెళ్లే పిల్లలు, బస్టాండు పక్క దుకాణదారులు, ప్రభుత్వోద్యోగులు. నాలుగైదు గుంపులు చాలు. కథనం చూపించి మొదట "ఇందులో ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పండి" అని అడిగి ఊరుకోండి. "ఇక్కట్లు" అన్న మాట వాళ్ల నోట దానంతటదే వచ్చిందా లేదా అన్నది మీకు కావలసిన సమాచారం, మీరు ముందే ఆ మాట వాడితే అది పోయినట్టే. గంట సంభాషణ రాసుకోవడానికి ఐదారు గంటలు పడుతుంది, ఆ లెక్కన గుంపుల సంఖ్య పెట్టుకోండి.

ఇప్పుడు గానీ ఆ మూడు గడులు అవసరం రావు. అప్పుడు కూడా మనుషుల్ని గడుల్లో వేయకండి, మాటల్ని వేయండి. ఒకే మనిషి పది నిమిషాల్లో మూడింటిలో తిరుగుతాడు. "పండగపూట జనం అవస్థపడుతుంటే సమ్మె ఏంటి?" అంటే కథనం చట్రంలోనే ఉన్నట్టు. "సమ్మె వల్ల జనానికి ఇబ్బందే, కాదనను. కానీ మా బావ కండక్టరు, ఆయన జీతంతో ఇల్లెలా నడుస్తుందో నాకు తెలుసు" అంటే చట్రాన్ని పైకి ఒప్పుకుంటూనే తన అనుభవానికి మినహాయింపు తెచ్చుకున్నట్టు. హాల్ ఇచ్చిన ఉదాహరణ అచ్చం ఇలాంటిదే: దేశ ప్రయోజనం కోసం జీతాలు పెరగకూడదని టీవీలో విని తలూపిన కార్మికుడు, తన ఫ్యాక్టరీలో మాత్రం సమ్మెకు సిద్ధపడతాడు. అది అయోమయం కాదు, దానికో తర్కం ఉంది. "చర్చలు విఫలమంటారేంటి, అసలు పిలిచిందెవరో చెప్పరేం?" అంటే చట్రాన్నే మార్చి చదివినట్టు.

"ఆ యాంకరు అరుపులు భరించలేం" అన్నది వ్యతిరేక పఠనం కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పరిశోధకుడు డేవిడ్ మోర్లీ బీబీసీ 'నేషన్‌వైడ్' కార్యక్రమం రెండు ఎపిసోడ్లను 29 గుంపులకు చూపించి 1980లో ప్రచురించిన అధ్యయనం చదివితే తేడా తెలుస్తుంది. బ్యాంకు మేనేజర్లు కార్యక్రమం ధోరణిని చిన్నచూపు చూశారు, అందులోని రాజకీయ చట్రాన్ని మాత్రం గమనించనే లేదు, అంత సహజంగా తోచింది. యూనియన్ నాయకులకు ఆ చట్రంతోనే గొడవ. వర్గాన్ని బట్టి పఠనం వస్తుందన్న అంచనా కూడా నిలబడలేదు: కార్మిక కుటుంబాల అప్రెంటిస్ కుర్రాళ్లు మేనేజర్లకు దగ్గరగా చదివారు. నల్లజాతి విద్యార్థుల గుంపు వ్యతిరేకించలేదు, అసలు పట్టించుకోలేదు, ఆ కార్యక్రమం తమ గురించి కాదన్నట్టు. ఆ మౌనానికి హాల్ మూడు గడుల్లో చోటు లేదు. మీ గుంపుల్లో అలాంటి మౌనం ఎదురైతే దాన్ని బలవంతంగా ఒక గడిలో తోయకండి. ప్రాజెక్టులో ఎక్కువ మార్కులు తెచ్చే పేజీ అదే కావచ్చు.

ఈ వ్యాసం దాటి రెండు ఆలోచనలు తెలియాలి. 1981లో ప్రచురించిన 'నోట్స్ ఆన్ డీకన్‌స్ట్రక్టింగ్ ది పాపులర్'లో "పాపులర్" అంటే ఏమిటని అడుగుతాడు. జనం ఎక్కువగా కొనేదా? అయితే జనం వట్టి వెర్రిబాగులవాళ్లని ఒప్పుకోవాలి. జనం చేసే ప్రతి పనీనా? అయితే జాబితాకు అంతుండదు. ఆయన మూడో దారి పడతాడు: ఏ వస్తువూ ఎప్పటికీ జనానిదీ కాదు, ఎప్పటికీ పెద్దలదీ కాదు, లాగులాట ఎక్కడ జరుగుతుందో అది చూడాలి. మనకు బతుకమ్మ తెలుసు. వాకిట్లో ఆడవాళ్లు పేర్చుకునే పూల పండగ, తెలంగాణ ఉద్యమంలో జెండాలా మారింది, 2014లో రాష్ట్ర పండగైంది. తంగేడు పువ్వు అదే, పాట అదే, దాన్ని పట్టుకున్న చేతులు మారాయి. ఏది అసలైన బతుకమ్మ అన్నది హాల్ ప్రశ్న కాదు, ప్రతి మలుపులో ఎవరికి ఏం దొరికింది, ఏం చేజారింది అన్నది ఆయన ప్రశ్న. సినిమా అభిమాన సంఘాల మీద ప్రాజెక్టు అనుకుంటే ఎస్.వి. శ్రీనివాస్ చిరంజీవి మీద 2009లో వెలువరించిన 'మెగాస్టార్' చూడండి. అభిమానిని గుడ్డి భక్తుడిగా కొట్టిపారేయకుండా ఎలా చదవొచ్చో అందులో దొరుకుతుంది.

రెండోది ఆర్టిక్యులేషన్. దీనికి హాల్ ఇచ్చిన పోలిక ట్రైలర్ లారీ. ముందు ఇంజను క్యాబిన్, వెనక ట్రైలర్, మధ్యలో కొక్కెం. తగిలించవచ్చు, విప్పవచ్చు, ఆ ట్రైలర్‌కు ఆ ఇంజనే ఉండాలని రూలు లేదు. ఒక ఆలోచనకూ ఒక వర్గానికీ ఉన్న సంబంధం అలాంటిది. 1978లో నలుగురు సహ రచయితలతో తెచ్చిన 'పోలీసింగ్ ది క్రైసిస్' ఈ కొక్కేన్నే పట్టుకుంది. 1972, 73లలో బ్రిటిష్ పత్రికలు దారిదోపిడీకి "మగ్గింగ్" అన్న అమెరికన్ మాట తగిలించాయి, ఆ మాటకు నల్లజాతి కుర్రాళ్ల బొమ్మ తగిలింది, ఆ బొమ్మకు "దేశం చెయ్యి జారిపోతోంది" అన్న భయం తగిలింది. నేరం ఎంతన్నది కాదు, ఈ మూడు పెట్టెలను ఎవరు ఏ వరుసలో కలిపారన్నది ఆ పుస్తకం వెతికిన సంగతి. అదే చూపుతో 1979 జనవరిలో, మార్గరెట్ థాచర్ ఇంకా బ్రిటన్ ప్రధాని కూడా కాకముందే, ఆమె రాజకీయం జనం మామూలు కోపతాపాలను తన బండికి ఎలా తగిలించుకుంటోందో రాశాడు.

అదే ఏడాది బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీకి మారాడు. డిగ్రీలు లేనివాళ్లకు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు టీవీలో పాఠం చెప్పడం ఆయనకు కావలసిన పని. 1997 వరకు అక్కడే. ఆ నమూనాలోనే 1982లో హైదరాబాదులో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది, ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ. హాల్ 2014 ఫిబ్రవరి 10న లండన్‌లో పోయాడు. బర్మింగ్‌హామ్ విభాగాన్ని అంతకు ముందే, 2002లో మూసేశారు.

ఇక చదివే వరుస. మొదట 1997 నాటి 'రిప్రజెంటేషన్'లో హాల్ రాసిన అధ్యాయాలు. దూరవిద్య విద్యార్థుల కోసం రాసినవి, మధ్యమధ్యలో అభ్యాసాలుంటాయి, ఇంగ్లిష్ తేలిక. ముఖ్యంగా 1988 సియోల్ ఒలింపిక్స్ వంద మీటర్ల పరుగు ఫొటోతో మొదలయ్యే అధ్యాయం: గెలిచిన బెన్ జాన్సన్ నిషేధిత స్టెరాయిడ్ వాడి దొరికిపోయాడు, ఒకే ఫొటో వీరుడినీ దొంగనూ కూడా చూపగలదు, ఏది నిలవాలో పక్కనున్న శీర్షిక తేలుస్తుంది. తర్వాత 1981 వ్యాసం. ఆ తర్వాత ఎన్‌కోడింగ్ వ్యాసం. ఇది 1980లో కుదించి అచ్చయింది, సంకలనాల్లో మామూలుగా దొరికేది అదే. 1973 నాటి పొడుగు ప్రతిలో కౌబాయ్ సినిమాల మీద చర్చ కూడా ఉంటుంది. రెండూ కలిపి ఉటంకించి ఒకే సంవత్సరం వేస్తే తప్పు పడుతుంది, ఏది చదివారో అదే వేయండి. 'పోలీసింగ్ ది క్రైసిస్' మొత్తం చదివే టైము ఉండదు, మొదటి మూడు అధ్యాయాలు చాలు. జీవితం కోసం 2017లో వచ్చిన ఆత్మకథ 'ఫెమిలియర్ స్ట్రేంజర్', లేదా జాన్ అకోంఫ్రా 2013లో తీసిన డాక్యుమెంటరీ.

తెలుగులో రాస్తుంటే ఒక్క పదం దగ్గర జాగ్రత్త. "హెజిమనీ"కి మనవాళ్లు "ఆధిపత్యం" అని రాసేస్తారు. ఆధిపత్యమంటే తెలుగు చెవికి కర్ర పట్టుకున్నవాడు కనిపిస్తాడు. ఇటలీ మార్క్సిస్టు ఆలోచనాపరుడు గ్రాంసీ నుంచి హాల్ తెచ్చుకున్న మాటలో కర్ర కన్నా తలూపడం ఎక్కువ. మొదటిసారి "సమ్మతితో నడిచే ఆధిపత్యం" అని విడమరచి, తర్వాత హెజిమనీ అనే వాడుకోండి. గైడు పట్టుబడితే మూడు గడుల పట్టికను అనుబంధంలో పెట్టండి.